మెడ దొరకని పతకం

నేను ఒక వెండి పతకాన్ని. బంగారం పైపూత మాత్రమే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత గోకి చూసి నన్ననకండి. రాజమండ్రిలో శాసనాలు చదివే పండితుల సమాజం ఒకటుంది. తమ మొదటి అధ్యక్షులవారి స్మారకంగా వాళ్లు నన్ను చేయించారు. కంసాలి నా మీద ఆయన బొమ్మ చెక్కుతూ ముక్కు కాస్త సాగదీశాడు. అయినా చూసినవాళ్లంతా "అచ్చం ఆయనే" అన్నారు.

ఒక మంచి పండితుడి మెడలో పడాలని నా ఆశ. కానీ సభ్యులంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే నన్నివ్వాలని నియమం పెట్టారు. ఒక్కరు కాదన్నా నేను బీరువాలోకే. ఆ నియమం పెట్టినవాళ్లు పండితుల్ని ఎప్పుడూ దగ్గరగా చూడలేదేమో!

పిశుపాటి కామేశంగారు, ఓరుగంటి శేషయ్యగారు అని ఇద్దరు సభ్యులు. ఒక పగిలిన రాతి శాసనాన్ని ఫలానా రాజు వేయించాడని కామేశంగారు, కాదు ఆ రాజు మనవడు వేయించాడని శేషయ్యగారు. ఎప్పుడో మట్టిలో కలిసిన ఆ తాతామనవళ్ల కోసం వీళ్లు పలకరించుకోవడం మానేశారు. ఏటా ఉగాది సభ ముందు కామేశంగారి పేరొస్తే శేషయ్యగారు "నేనొప్పుకోను" అనేవారు. శేషయ్యగారి పేరొస్తే కామేశంగారు కండువా దులుపుకుని లేచిపోయేవారు. కార్యదర్శి నీలాద్రిగారు నిట్టూర్చి, నన్ను తుడిచి, మళ్లీ బీరువాలో పెట్టేవారు.

ఇలా ఉండగా కామేశంగారు మంచం పట్టారు. ఇక లేవరని డాక్టరు తేల్చేశాడు. ఆ కబురు వింటూనే శేషయ్యగారు రొప్పుకుంటూ సమాజానికొచ్చి, "ఈ ఏడు కామేశానికే ఇచ్చెయ్యండి. నాకభ్యంతరం లేదు" అన్నారు. నా సంతోషం ఏమని చెప్పను! ఆయనే నన్ను జేబులో వేసుకుని ఆటో ఎక్కారు.

మంచం పక్కన కూర్చుని నా పెట్టె తెరిచారు. కామేశంగారు నా వంక చూడనే లేదు.

"అయితే శాసనం తాతదేనని ఒప్పుకున్నట్టేనా?"

"అదెలా ఒప్పుకుంటానయ్యా? మనవడిదే. ఇది నీ కష్టానికి. జీవితమంతా ఎండల్లో రాళ్ల వెంట తిరిగావు కదా."

"జాలిపడి ఇస్తావేవిటి? పట్టుకుపో. నేనొప్పుకోను."

శేషయ్యగారు కళ్లు తుడుచుకుని లేవబోయారు. "కూర్చో, కాఫీ తాగి వెళ్దువుగాని" అన్నారు కామేశంగారు. ఆ తర్వాత కోడలు వచ్చి కసిరినా వినకుండా ఇద్దరూ చీకటి పడేదాకా ఆ శాసనం మీదే అరుచుకున్నారు. నేను వచ్చిన జేబులోనే తిరిగి వెళ్లాను.

ఆ నెలలోనే కామేశంగారు పోయారు. ఉగాదికి శేషయ్యగారి పేరు ఎత్తితే కాదన్నవాళ్లు లేరు. నీలాద్రిగారు నన్ను ఆయన మెడ దాకా తెచ్చారు. శేషయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏకగ్రీవం ఎలాగయిందండీ? కామేశం ఒప్పుకోలేదుగా."

ఇప్పుడు నేను సమాజంవారి అద్దాల బీరువాలో, ఆ పగిలిన రాయి పక్కనే ఉంటున్నాను. శేషయ్యగారు సాయంత్రాలు వచ్చి మా ఎదురుగా కుర్చీ వేసుకుంటారు. మొన్న ఆ రాతిని చాలాసేపు చూసి, చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకుని, "తాతదేనేమోనయ్యా కామేశం" అన్నారు.

నేనొక్కదాన్నే విన్నాను. నాకేమో సభ్యత్వం లేదు.