తువ్వాల వేసిన సీటు

ఇది చిన్న కథ. హాతీరాం తన బిడ్డ బడికి పోయిన కథ. ఆయన పోయిందే ఒక్కసారి కాబట్టి చెప్పడానికి ఎక్కువ లేదు కూడా. కాని ముందు ఇల్లందు బస్సు సంగతి చెప్పాలి.

పొద్దున బొగ్గుబాయి డ్యూటీకి పోయేవాళ్లంతా టేకులపల్లిలో ఆ ఒక్క బస్సుకే ఎగబడేవాళ్లు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసరాలి. అది పడ్డ సీటు ఇక ఆ మనిషిదే. తోటి పనివాడు ఎల్లస్వామి ఒకసారి తువ్వాల మరిచిపోయి, తొందరలో లుంగీ విసిరాడు. సీటు దొరికింది గాని, అక్కడిదాకా నడిచిపోయే ధైర్యం దొరకలేదు. ఈ న్యాయాన్ని అందరికంటే గట్టిగా నిలబెట్టినవాడు హాతీరాం. "గుడ్డ ముందొచ్చిందా, మనిషి ముందొచ్చిండా? గంతే" అని ఎంతెంతటి వాళ్లనో సీట్లలోంచి లేపాడు. ఎల్లస్వామినైతే ఎన్నిసార్లు లేపాడో.

సరే, బడి. ఆయన బిడ్డ చాంది మూడో తరగతిలో ఉండగా తండా బడికి గురవయ్య సారు వచ్చాడు. నెలకో శనివారం తల్లో తండ్రో వచ్చి బెంచీ మీద కూర్చోవాలని, పిల్లలు చదివేది వినాలని సారు పట్టు.

"బాపూ, రేపు బడికి రావాలె" అంది చాంది.

"డ్యూటీ ఉన్నది బిడ్డా."

"అందరి బాపులు వస్తున్నరు."

"అయితే ఈ తువ్వాల ఏసి సీటు ఆపు. నేను ఎనుక వస్త."

చాంది ముందు బెంచీ మీద తువ్వాల వేసింది. ఆయన రాలేదు. ఆ నెలే కాదు, ఏ నెలా రాలేదు. తల్లి జమ్లి బయలుదేరితే, "మొగోడు పోయే కాడికి నువ్వెందుకే" అని ఆపాడు. మగవాడు కోడిపందేలకు సెలవు పెట్టాడు గాని బడికి పెట్టలేదు.

మరుసటి ఏడాదికి తువ్వాల లేచి కూర్చోవడం నేర్చుకుంది. చాంది పాఠం చదువుతుంటే అంచు ఊపేది. ఎక్కం తప్పితే ముడుచుకునేది. సారు అందరితోపాటు దానికీ చాయ్ పెట్టించేవాడు. చల్లారాక, తన పిల్లగాని కోసం వచ్చే ఎల్లస్వామి తాగేవాడు. "హాతీరాం కంటె గిదే నయం సారూ, బీడీ అడగదు" అనేవాడు.

చాంది ఏడో తరగతి పూర్తి చేసేసరికి భద్రాచలంలో హాస్టల్ బడిలో సీటొచ్చింది. తండ్రి వచ్చి సరే అనాలి. ఆ నెల బడి శనివారం అనకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ వారమే హాతీరాం ఏన్కూరు దగ్గర పిల్లగాణ్ని చూసి, పెండ్లికి మాటిచ్చి వచ్చాడు. అందుకని శనివారం డ్యూటీ మాని బడికి పోయాడు.

"ఎవలు మీరు?" అన్నాడు సారు.

"చాంది తండ్రిని. బిడ్డను తోలియ్యి సారూ. లగ్గం పెట్టుకున్నం."

"చాంది తండ్రి గీడనే కూసున్నడు గద."

హాతీరాం బెంచీ వైపు చూశాడు. "అది నా తువ్వాల" అన్నాడు. బొగ్గు ఎత్తిన చేతులతో పట్టి లాగాడు. అది లేవలేదు.

"గుడ్డ ముందొచ్చిందా, మనిషి ముందొచ్చిండా?" అంది చాంది, తల ఎత్తకుండా.

"గంతే" అన్నాడు వెనక బెంచీ మీది ఎల్లస్వామి.

సారు తువ్వాల వైపు తిరిగాడు. "ఏమంటరు, భద్రాచలం పంపుదమా?"

తువ్వాల అంచు ఊపింది.

చాంది చదివి దవాఖానాలో నర్సయింది. తనకు నచ్చినవాణ్ని చేసుకుంది. పెండ్లిలో తండ్రి కూర్చునే చోట తువ్వాల కూర్చుంది. దాని పక్కన జమ్లి కూర్చుంది. హాతీరాం నిలబడి అన్నం తిని, ఇల్లందు బస్సు ఎక్కాడు. ఆ శనివారం తర్వాత కొన్న తువ్వాల ఏదీ ఆయన భుజం మీద నిలవలేదు. సీటు దొరకలేదు.