భద్రమ్మ బావిలో రెండో గీత

రొయ్యల మీద పరిశోధన చేస్తున్నానంటే మా ఇంట్లో అందరూ, లిదియా, కూర ఎప్పుడు వండుతావని ఏడిపించేవాళ్లు. నావి కూర రొయ్యలా! పరకాల వైపు ఒక గుట్ట గుహలో, ఊటనీళ్లలో బతికే గుడ్డి రొయ్యలు. గోరంత ఉంటాయి, కళ్లే ఉండవు. ఎనభై అయిదు ఎండాకాలంలో పక్కన క్వారీ పేలుళ్లకు ఊటదారి పూడి, గుహ ఎండిపోయింది. రొయ్యలన్నీ చచ్చాయి. బాగా ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

క్వారీ ఆగింది, వానలకు ఊట మళ్లీ వచ్చింది. రొయ్యలే లేవు.

గుట్ట కింది ఊళ్లో కొత్త బావి తవ్వితే గుహ నుంచి చెంబెడు నీళ్లు తెచ్చి పోస్తారు. అందులో వచ్చిన రొయ్యలు గంగమ్మ పిల్లలు, వాటిని చంపరు. బావుల్లోవే తెచ్చి గుహలో వదులుదామన్నాను. మా గైడు సారంగపాణి సారు ముందు జన్యువులు చూడమన్నారు.

చూడటమంటే, రొయ్యను నూరి, పిండితో పోసిన జెల్ పలకలో కరెంటు పెట్టి, రంగు వేయాలి. గీతలు పడతాయి. గుహ ఎండకముందు చూసిన రొయ్యల్లో రెండు రకాల గీతలుండేవి. బావుల్లో ఎక్కడ చూసినా ఒకటే. ఒక్క చెంబులో వచ్చిన నాలుగింటి సంతానం మరి! అన్నీ ఒకే రకమైతే ఒక్క జబ్బుకే తుడిచిపెట్టుకుపోతాయి. హనుమకొండ ల్యాబులో కరెంటు పోయి పలక పాడైనప్పుడల్లా నా నోటికి అదుపుండేది కాదు.

చివరికి ఆ ఊరి ముసలామె భద్రమ్మ బావి రొయ్యల్లో రెండో గీత పడింది. ఎట్లా అని అడిగితే ఊళ్లో నవ్వారు. అందరూ ఒక్కసారి పోసి ఊరుకుంటే, బావి ఎండుతుందన్న భయంతో ఆమె ఏటా గుహ నుంచి చెంబెడు తెచ్చి పోసేదట. కోడళ్లు చాదస్తమని ఎగతాళి చేసేవాళ్లట.

కొన్ని ఇమ్మని అడిగితే భద్రమ్మ బావి గడ్డ మీద నుంచి లేవలేదు. అవి పోతే నీళ్లూ పోతాయని, ఈ వయసులో బిందె పట్టుకుని ఎవరి బావికి పోవాలని అడిగింది. గీతల సంగతి చెప్పబోతే నాకే విసుగొచ్చింది. గుహ ఖాళీగా ఉందని మాత్రం చెప్పాను.

"ఒక్కటి గూడ లేదా బిడ్డా?"

"ఒక్కటి గూడ లేదవ్వా."

భద్రమ్మ లేచి చెంబు తెచ్చింది. నా సీసాలు ముట్టనివ్వలేదు. తనే తోడి, నా చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కి, ఊటలో పోసింది.

"గంగమ్మ తల్లీ, ఇన్నేండ్లు అడగకుంట తీస్కపోయిన. ఇగో, నీ పిల్లలు."

అలవాటుగా ఆ చెంబును ఊటలో ముంచబోయి, ఆగింది. ఖాళీ చెంబే చంకన పెట్టుకుని గుట్ట దిగింది.