ఇప్పపువ్వు లడ్డు

ఒంట్లో రక్తం లేదని సిరోంచ దవాఖానలో ఎర్ర గోలీలు ఇచ్చారు. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దని నర్సు ముందే చెప్పింది. వేసుకున్న ప్రతిసారీ కడుపులో మంట, వాంతి. అన్నం తిన్నాక వేసుకున్నా అదే తంతు. చివరికి విసుగొచ్చి ఆ గోలీలన్నీ దేవక్క చేతిలో పెట్టాను. దేవక్క నా తోడబుట్టిన అక్క, మా వాడలోనే ఉంటుంది. మొగుడు పోయినప్పటి నుంచి నాకూ నా బిడ్డ ప్రణీతకూ అక్కే దిక్కు.

"ఇవి నాతోని కావక్కా. డాక్టర్‌కే చెప్త," అన్నాను.

"జర ఆగు. ఇప్పపువ్వు లడ్డులు చేసిస్త, తిను. బాలింతలకు అమ్మ గవే పెట్టేది," అంది.

ఇప్పపువ్వు వేయించి, నువ్వులూ బెల్లమూ వేసి దంచితే నల్లటి లడ్డు అవుతుంది. అక్క రోజూ పొద్దున్నే తెచ్చి, నేను మింగేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ ప్రేమకు నా కళ్లు చెమర్చేవి. కానీ కొన్నాళ్లకే మళ్లీ అదే మంట, అదే వాంతి. గోలీ ముట్టకున్నా మలం నల్లగానే వస్తోంది.

అక్కను తోడు తీసుకుని దవాఖానకు పోయి చెప్తే, అది విని డాక్టర్ ముఖం మారింది. గోలీలు మానేశాక కూడా నల్లగా వస్తోందంటే లోపల రక్తం కారుతోందేమో, గడ్చిరోలి పోయి కడుపులోకి కెమెరా పంపి చూపించుకోమన్నాడు. అక్క నా పక్కనే నిలబడి అంతా వింది.

ఇంటికొచ్చి నాకింక చావే అనుకున్నాను. "నాకేమన్న అయితే ప్రణీతను నువ్వే సాదుకోవాలె," అన్నాను.

"గట్లనకు చెల్లె," అంటూ నన్ను పట్టుకుని ఏడ్చింది. మర్నాడు లడ్డు తేవడం మాత్రం మరవలేదు.

గడ్చిరోలి బస్సెక్కే ముందురోజు, పిల్ల బట్టలు పెట్టి వద్దామని అక్క ఇంటికి వెళ్లాను. అక్క రోలు ముందు కూర్చుని దంచుతోంది. ఇప్పపువ్వు మధ్య నా ఎర్ర గోలీలు కనిపించాయి.

"ఇదేంది అక్కా?"

"నీ మంచికేనే. గోలీ అంటేనే నీకు కక్కొస్తదనుకున్న. ఎరుక లేకుంట తింటె దిగుతదనుకున్న."

"మరి డాక్టర్ గట్ల చెప్పిననాడు?"

"భయమైంది. చెప్తె నా మొఖం చూడవని..."

"నా బిడ్డను నీ చేతుల పెడుతుంటె విన్నవ్ గదక్కా! అప్పుడన్న నోరు రాలేదా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట, నా గతీ అంతే అయింది. ఆ రోకలి లాక్కుని నెత్తిన వేద్దామన్నంత కోపం వచ్చింది. చేతుల్లో సత్తువ లేక ఊరుకున్నాను.

దవాఖానకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. లడ్డులు ఆపాక నలుపు పోయింది, కెమెరా అవసరం పడలేదు. గోలీలు పడనివాళ్లకు మందును నరంలోకి ఎక్కిస్తారట. అలాగే ఎక్కించారు. ఇప్పుడు బిందె నీళ్లు మోసినా కళ్లు తిరగడం లేదు.

నిన్న అక్క మళ్లీ లడ్డులు తెచ్చింది. "ఒట్టు, ఏం కలపలే," అని ఒకటి విరిచి నా ముందే తింది. అక్క అబద్ధం ఆడటం లేదని నాకు తెలుసు. అయినా ప్రణీత లడ్డు కోసం చెయ్యి చాపితే, పట్టుకుని వెనక్కి లాగాను.