మా అవ్వను వంటమనిషి అన్న కాగితం

తహసీల్ ఆఫీసు నుంచి వచ్చిన ఆ కాగితం చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. చనిపోయిన మా బాపు రాజమల్లయ్యకు వారసులు ఇద్దరేనట. కొడుకు శైలేందర్, కూతురు ప్రసూన. ఆ ప్రసూనను నేనే. మరి ముప్పై నాలుగేళ్ళు ఆయనతో కాపురం చేసిన చంద్రవ్వ ఏమైంది? జతచేసిన విచారణ రిపోర్టులో ఆమె గురించి ఒక్క వాక్యం ఉంది. "సదరు ఇంట్లో వంట చేస్తూ ఉంటున్న స్త్రీ, మృతునితో బంధుత్వం చెప్పలేదు."

మమ్మల్ని పెంచిన మా అవ్వ వంటమనిషట. రాసినవాడి చేతులు విరగ.

మమ్మల్ని కన్నతల్లి నాకు నాలుగేళ్ళప్పుడు పోయింది, తమ్ముడు అప్పటికి పాలు తాగే పిల్లవాడు. బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కే మనిషి. తెల్లారకముందే మోకు భుజాన వేసుకుని పోతే పిల్లల్ని ఎవరు చూడాలి? కులపెద్దలే మిరుదొడ్డి నుంచి చంద్రవ్వను మారుమనువుకు తెచ్చారు. ఆమెకూ మొదటి భర్త లేడు. మారుమనువుకు పందిరుండదు, పంతులుండడు, ఫోటో అసలే ఉండదు. నలుగురు పెద్దలు కూర్చుంటారు, చీర పెట్టి పుస్తె కడతారు, అంతే. నా తలలో పేలు చూసిందీ, తమ్ముడికి తట్టు పోస్తే వేపమండతో విసురుతూ కూర్చున్నదీ ఆమే.

అలాంటిది బంధుత్వం ఎందుకు చెప్పలేదని అడిగితే అవ్వ తల దించుకుంది.

"విచారణకొచ్చిన గిర్దావర్ సారు, నీ పెనిమిటి పేరేందన్నడు బిడ్డా. ఎట్ల చెప్పాలె? 'ప్రసూన బాపు' అన్న. ఆయనింట్ల నువ్వేం జేస్తుంటివి అన్నడు. 'వండి పెడుతుంటి' అన్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగుడి పేరు పెళ్ళాం నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా పాతకాలపు ఆడవాళ్ళ నమ్మకం. ఆధార్ తీసిన రోజు కూడా ఇదే తంతు. ఆమె పేరు చెప్పకపోతే, మిరుదొడ్డి పాత లిస్టు చూసి చేసిన ఓటరు కార్డులో ఉన్న, ఎప్పుడో చచ్చిన మొదటి మొగుడి పేరు ఎక్కించారు. ఈ ఊళ్ళలో తిరిగి రెవెన్యూ ఉద్యోగం చేసే గిర్దావర్‌కు ఇంతమాత్రం తెలియదా? వాళ్ళ అమ్మమ్మ ఏనాడైనా వాళ్ళ తాత పేరు పలికిందా?

పోనీ, గిర్దావర్ పరాయివాడు. నా తమ్ముడికేం రోగం? విచారణ నాడు వాడు గడపలోనే నిలబడి అంతా విన్నాడట. నేరుగా వాడి స్పేర్‌పార్టుల దుకాణానికి పోయి, కాగితం బల్ల మీద కొట్టాను.

"ఇందుల అవ్వ పేరేదిరా?"

"కాయిదాలల్ల లేకుంటే నేనేం జెయ్యాలె అక్కా? ఇల్లు మనిద్దరి పేరు మీదికొస్తే జల్ది అమ్మొచ్చు. నీ సగం నీకిస్తా."

"అవ్వ యాడికి పోవాలె?"

"మిరుదొడ్డిల వాళ్ళ అన్న కొడుకులున్నరు గదా."

"నీ ముడ్డి కడిగిన చెయ్యిరా అది. ఇయ్యాల నీకు మిరుదొడ్డి యాదికొచ్చిందా?"

బేరానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ. "మెల్లగ మాట్లాడక్కా, ఇజ్జత్ పోతది" అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి ఇజ్జత్ ఒకటి. నాకు ఏ సగమూ వద్దని వాడి మొహం మీదే చెప్పి, అటు నుంచి అటే ఆఫీసుకు పోయి అభ్యంతరం రాసిచ్చాను.

మళ్ళీ విచారణ పెట్టారు. మారుమనువు నాడు కూర్చున్న పెద్దల్లో సిద్ధయ్య మామ ఒక్కడే మిగిలాడు. ఆయన్నీ అవ్వనూ ఆటోలో ఎక్కించుకుని పోయాను. మామ ఉన్నదున్నట్టు చెప్పి వేలిముద్ర వేశాడు. అప్పుడు గిర్దావర్ అవ్వ వైపు తిరిగాడు.

"ఇగ నీ మొగని పేరు చెప్పు."

"రాజమల్లయ్య సార్" అన్నాను నేను.

"నువ్వు కాదమ్మా. ఆమెనే చెప్పాలె. లేకుంటే పాత రిపోర్టే ఉంటది."

అవ్వ బిక్కమొహంతో నన్ను చూసింది. నేనేం చేసేది? "చెప్పవ్వా, లేకుంటే ఇల్లు పోతది" అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "రాజమల్లయ్య" అంది. ఆ పేరు ఆమె గొంతులో వినడం నాకదే మొదలు. అంతలో గిర్దావర్ ఫోన్ మోగింది. తాపీగా మాట్లాడి పెట్టేసి, "ఆఁ, ఏమన్నవ్?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. "కొంగు తీసి గట్టిగ చెప్పు. రికార్డుకు ఎక్కాలె." ముసలామె కొంగు తీసి, అందరి ముందూ గట్టిగా చెప్పింది. అప్పుడు రాసుకున్నాడు. ఆ బల్ల ఎత్తి వాడి మీద వేయాలనిపించింది. అవ్వ పేరు ఎక్కాలి గనక పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

పదిహేను రోజులకు కొత్త కాగితం వచ్చింది. మొదటి పేరు చంద్రవ్వ, భార్య. తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టాను.

"ఇగ నీ సంతకం లేకుంటే ఇల్లు ఎవ్వడు అమ్మలేడు అవ్వా."

"మంచిది బిడ్డా" అంది. కాగితాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"మట్టి చేసొచ్చినంక గూడ ఆయన నాకు ఇంట్లున్నట్టే ఉండె. ఆ సారు మూడుసార్లు నాతోని అనిపిచ్చిన నాడే పోయిండు" అని, బాపు చనిపోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.