చేతులు మిగిలిన గౌను

ఎంత పెద్ద గౌనైనా మెషీను మీద కుట్టేస్తుంది గానీ, చేతులు మాత్రం సూదితోనే అతుకుతుంది టైలరత్త. మెషీను మీద భుజం వంపు చచ్చినా రాదని ఆమె పట్టు. విదేశంలో ఉన్న ఆమె మేనకోడలు మొదటిసారి వేదికెక్కి వయొలిన్ వాయించబోతోంది. "నువ్వు కుట్టిన గౌనే వేసుకుంటా, నువ్వే తెచ్చివ్వాలి" అని కొలతలు పంపింది. పిల్ల నోరు తెరిచి అడిగాక ఇంకేముంది! తీరా బయల్దేరే రోజుకి చేతులు రెండూ మిగిలిపోయాయి.

అయినా అత్త ధీమాగానే విమానమెక్కింది. పొద్దున్న ఏడింటికి ఎగిరి సాయంత్రం నాలుగింటికి దిగుతుందని టిక్కెట్టు మీద ఉంది. అంటే తొమ్మిది గంటలు! చెయ్యికి నాలుగేసినా ఇంకో గంట కునుకు తీయొచ్చు. అసలు అంతసేపు మోకాళ్ళు ముడుచుకుని కూర్చోలేకే గదా, అన్నయ్య అక్కడ కాపురం పెట్టి ఆరేళ్ళయినా గడప తొక్కనిది.

కిటికీ పక్క పెద్దాయన గౌను చూసి ముచ్చటపడ్డాడు. "త్వరగా కానియ్యమ్మా, ఐదు గంటల్లో దిగిపోతాం."

"భలేవారండీ! ఏడు నించి నాలుగుకి ఎంతో నాకు రాదూ?"

"అక్కడి గడియారం మనకన్నా నాలుగు గంటలు ముందుంటుంది. ఉన్నదంతా కలిపి నాలుగు వేల కిలోమీటర్లే."

ఈయనెవరో కోతలరాయుడనుకుంది అత్త. తీరిగ్గా తింది, కబుర్లాడింది, కునుకు కూడా ముందే తీసేసింది. ఎడమ చెయ్యి అతికి మురిసిపోతుండగా బెల్టులు పెట్టుకోమన్నారు. దిగే వేళయిందట!

"ఓరి దేవుడో! ఒంటిచేతి గౌనుతో పిల్ల మొహం ఎలా చూసేది?"

'చెప్పానా' అనలేదు పాపం ఆ పెద్దాయన. సూది జారిపడితే వంగి తీసిచ్చాడు.

కచేరీ ఆరింటికి. వేదిక వెనక గదిలో మేనకోడలు గౌను తొడుక్కుని నిలబడితే, తన తొమ్మిది గంటల లెక్క చెబుతూనే అత్త కుడిచెయ్యి ఒంటిమీదే కుట్టడం మొదలుపెట్టింది. జన్మలో వేయని పొడుగు కుట్లు వేసేస్తోంది. బయట ఎవరో తలుపు కొడుతున్నారు.

"కదలకే, గుచ్చుకుంటుంది."

"అత్తా, ఐదు గంటలేనని నిజంగా తెలీదా నీకు?"

"తెలిస్తే తొమ్మిదనుకుంటూ ఇంట్లో కూర్చుంటానుటే?"

"ఐదు గంటలకే రాలేకపోతోందంటే మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నా. ఇన్నేళ్ళూ."

అత్త చెయ్యి ఆగిపోయింది. "పిచ్చిమొహమా! ఆ ముక్క ఫోన్లో అడగొద్దూ?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగి సూది కనపడలేదు. మోచేత్తో తుడుచుకుని ఆఖరి కుట్టు వేసి, దారం పళ్ళతో కొరికి, "పో, దుమ్ము దులిపెయ్" అని వీపు తట్టింది.

వాయించినంతసేపూ అత్త కళ్ళు ఆ కుడి భుజం మీదే. కుట్టు నిలబడింది. పిల్ల వంగి దణ్ణం పెడితే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మేనకోడలు తిరుగు టిక్కెట్టు చూసి పకపకా నవ్వింది. "ఎనిమిదికి ఎక్కితే తొమ్మిదికి దిగుతావటత్తా! గంటే!"

"అయితే ఇంకేం? ఇకమీదట నీ గౌన్లన్నీ అక్కడ కుడతా, చేతులు మాత్రం ఇక్కడికొచ్చే అతుకుతా" అంది అత్త.