ఇసుక మూట

ఆ ఉదయం ఆకాశం కురవనూ కురవక, తెరిపీ ఇవ్వక, పిండని గుడ్డలా వేలాడుతోంది. బట్టలు కుట్టే ఇల్లాలు మంచం దగ్గర వంగి, భర్త చంకల కింద చేతులు పెట్టి లేపబోయింది. లేవలేదు. గోడలకు రంగు వేస్తూ పరంజా మీంచి పడ్డప్పటి నుంచీ అతనికి నడుం కింద చచ్చుబడింది. ఇన్నాళ్ళూ సాయం పట్టిన పక్కింటాయన ఇల్లు మారిపోయాడు.

ముందురోజే ఆడపడుచు వచ్చి తమ్ముణ్ణి పక్కకు తిప్పి చూసింది. వీపు మీద గుండీ అంత పుండు.

"పడుకోబెట్టి కుళ్ళబెడతావా? హోములో చేర్పిద్దాం. అక్కడ ఎత్తడానికి మనుషులుంటారు."

"నేనెత్తుతాను వదినా."

"బిందె ఎత్తితేనే వంకరపోతావు, నువ్వెత్తుతావా? సరే, నెలాఖరుకి వస్తా. ఒక్కదానివే వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చూపించు. లేదా, బండి తెస్తాను."

అతను గోడవైపు తిరిగి అంతా విన్నాడు.

అందుకే ఆమె ఇప్పుడు కసరత్తు సామాన్ల కొట్టుకు వెళ్ళింది.

"బాబుకా అక్కా?" అన్నాడు కొట్టతను.

"నాకే. మనిషిని ఎత్తాలి."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. బల్ల చూపించాడు, దానికో కడ్డీ, కడ్డీకి ఇనుప బిళ్ళలు. ఆమె మెడలోని టేపు తీసి బల్ల పొడవు కొలిచింది.

"ఇది కొంటే మేమిద్దరం వీధిలో పడుకోవాలి నాయనా."

డంబెల్స్ ధర విని వాటిని చప్పుడు కాకుండా కింద పెట్టేసింది. చివరికి అతనే మేకుకున్న దళసరి రబ్బరు పట్టీ, పిడులున్న ఖాళీ సంచీ దించాడు.

"చేతులకి పట్టీ లాగు. ఎత్తడానికి సంచిలో ఇసుక పోసుకో. కొద్దికొద్దిగా పెంచు. నడుం కాదు, మోకాళ్ళు వంచాలి. పనయ్యాక మంచం కిందికి తోసెయ్."

ఆమె సంచి తిరగేసి కుట్టు చూసింది. "ఇది నేను కుట్టుకుంటా. పట్టీ ఒక్కటే ఇవ్వు."

"నీలాంటి బేరాలు నాలుగు తగిలితే, కొట్టు కట్టేసి నేనూ మిషను తొక్కుకోవాలి."

టార్పాలిన్ ముక్కతో, రెండు వరసల కుట్టుతో సంచి తయారైంది. రోజూ సాయంత్రం మంచానికీ మిషనుకీ మధ్యనున్న సందులో ఆమె దాన్ని ఎత్తేది, దించేది, ఇసుక కలిపేది. ఆస్పత్రిలో తూచినప్పటి అతని బరువే ఆమె గురి.

"పహిల్వానమ్మా, మీసాలొస్తున్నాయి చూసుకో," అనేవాడతను దుప్పటిలోంచి.

కంచం దగ్గర మాత్రం రెండు ముద్దలకే చాలనేవాడు. "ఎత్తేదానివి నువ్వు. నువ్వు తిను." వదిన మాటలకు అలిగాడనుకుంది. బతిమాలింది, కసిరింది. ఆఖరికి మిగిలింది పారెయ్యలేక తనే తినేది. మందు రాస్తున్నా పుండు మానలేదు. పెరిగింది.

నెలాఖరున పొద్దున్నే, అతని బరువంత ఇసుక నింపిన మూట ఎత్తి చూసుకుంది. మోకాలు దాటలేదు. మంచం కిందికి తోసేసింది.

ఆడపడుచు బండి తెచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఊఁ, కానివ్వు," అంది.

ఆమె మోకాళ్ళు వంచి, అతణ్ణి రొమ్ముకు ఆనించుకుని లేచింది. అతను తేలిగ్గా వచ్చేశాడు. కుర్చీలో కూర్చోబెట్టింది.

"గట్టిదానివే," అంది ఆడపడుచు. "బండి పంపించేస్తాలే."

ఆమె చేతులు ఇంకా అతని పక్కటెముకల మీదే ఉన్నాయి. తను కొలిచి కుట్టిన చొక్కా అటొక గుప్పెడు, ఇటొక గుప్పెడు వదులై వేలాడుతోంది. దుప్పటి కింద ఉన్న మనిషికి మళ్ళీ కొలత తీయాలని ఇన్నాళ్ళూ ఆమెకు తోచలేదు.

"నాకు తేలికవ్వాలనేనా తిండి మానేశారు?"

అతను కళ్ళు దించాడు. "నువ్వు అటునుంచి వస్తున్నావు. నేనిటునుంచి వచ్చాను."

ఇక్కడుంటే అతను తినడు. తింటే తనెత్తలేదు. తినకపోతే ఆ పుండు మానదు.

"బండి ఉండమనండి వదినా," అంది. "ఈయన భోంచేసి హోముకి వెళ్తారు."

కుర్చీ ముందుకు స్టూలు లాగి, కంచం నిండా వడ్డించింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మొదటి ముద్ద తీసుకున్నాడు. ముగ్గురూ కలిసి తిన్నారు. ఆ పూట అతను కంచంలో ఏమీ మిగల్చలేదు.