చేతుల మంట

ఆస్పత్రికి బయల్దేరే ముందు కొత్త చెప్పులు కావాలని శ్రీదివ్య పట్టుబట్టి కొనిపించుకుంది.

పంతొమ్మిదేళ్ల పిల్ల. పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది; తల్లి పున్నమ్మకు తప్ప ఎవరికీ అర్థం కాదు. "నీ కాళ్లు బాగుచేయిస్తానే" అన్న తల్లి మాట నమ్మి, సత్తెనపల్లి దాకా ఆటోలో ఆ చెప్పుల్నే చూసుకుంటూ నవ్వుతూ కూర్చుంది.

అది అబద్ధం. పున్నమ్మ మాట్లాడుకున్న ఆపరేషన్ కాళ్లకు కాదు. గర్భసంచి తీసేయడానికి.

పున్నమ్మను తిట్టుకునే ముందు ఆమె చేతులు చూడండి. మొగుడు పోయాక మిరపకోతే ఆ ఇంటికి అన్నం. తెల్లారకముందే వెళ్లాలి, పొద్దుగూకాక రావాలి. అప్పటిదాకా పిల్ల తాళం వేసిన ఇంట్లో ఉండాలి. ముట్టయితే అదే గుడ్డతో పడి ఉండాలి. వచ్చాక తల్లి కడగాలి. మజ్జిగతో తోమినా, నూనె రాసినా మిరపకాయ ఘాటు వేళ్లను వదలదు. ఆ చేతులు తగిలిన చోటల్లా నిప్పు. పిల్ల అరుపులకు ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేవారు.

"ముట్టు ఆగిపోతే ఇద్దరం బతుకుతామయ్యా" అని పున్నమ్మ డాక్టర్ రామకాంత్ కాళ్లు పట్టుకుంది. ఆయన తల్లిని చూసి జాలిపడ్డాడు, ఒప్పుకున్నాడు. పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆపరేషన్ గది గుమ్మం దగ్గర స్ట్రెచర్ ఆగింది. నర్సు మదార్‌బీ పొట్ట మీద మందు రాయడం మొదలుపెట్టింది.

శ్రీదివ్య నవ్వు ఆగిపోయింది. ఒళ్లంతా మెలితిప్పుకుంటూ ఏదో అరిచింది.

"ఏమంటోందమ్మా?" రామకాంత్ అడిగాడు.

"కాళ్లకు కదా, పొట్టకెందుకు?" అంటోంది ఆ పిల్ల. పున్నమ్మకు ప్రతి ముక్కా తెలిసింది.

"భయపడతందండీ. మీరు కానివ్వండి" అంది.

స్ట్రెచర్ కదిలింది. పిల్ల ఎడమచేయి తల్లి కొంగు పట్టేసింది. ఈసారి అరవలేదు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చాలాసేపు చెప్పింది. పున్నమ్మ మొహం పాలిపోయింది.

"ఇప్పుడేమంది?" రామకాంత్ మళ్లీ అడిగాడు.

అక్కడ ఆ పిల్లకున్న నోరు పున్నమ్మ ఒక్కతే. ఇంకొక్క అబద్ధం ఆడితే చాలు, అంతా అయిపోతుంది. ఇక మంట ఉండదు, అరుపులుండవు. పున్నమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"మంట నీ చేతులదే అమ్మా, నా కడుపుది కాదు, అంటందండీ. గుడ్డలు దండెం మీద కాకుండా కింద, నీళ్ల పక్కన పెడితే ఎడంచేత్తో తనే మార్చుకుంటదంట. సేపు పట్టుద్దంట. కొయ్యొద్దంటందండీ!" పున్నమ్మ కళ్లు తెరిచింది. "కాళ్లకని చెప్పి తీసుకొచ్చానయ్యా..."

రామకాంత్ గ్లౌజులు లాగేశాడు. "ఆపండి. సంతకం నీ దగ్గర తీసుకున్నానమ్మా. ఒళ్లు తనది. ఒక్క మాటైనా అడగకుండా కత్తి పట్టబోయాను. తప్పు నాది."

"మీరు తప్పంటే సరిపోద్దా? రేపు నేను కోతకెళ్తే పిల్ల గతేంటి? చేసుకోలేక పడిపోతే ఎవరు లేపుతారు?"

పున్నమ్మ గోడకు జారబడి ఏడ్చింది. ఆ చేతులతో కళ్లు తుడుచుకునే వీలు కూడా ఆమెకు లేదు.

రామకాంత్ స్ట్రెచర్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చెప్పమ్మా శ్రీదివ్యా. నీకేం కావాలి? నేను వింటాను, తొందరేం లేదు."

ఆ పిల్ల పెదవులు మెలితిరిగాయి. మొదటి మాట రావడానికే చాలాసేపు పట్టింది. పున్నమ్మ నోరు తెరవబోయి ఊరుకుంది.

అమ్మలారా, వైద్యులారా! ఒళ్లు ఎవరిదో వాళ్లనే అడగండి. జవాబు రావడానికి ఎంతసేపు పట్టినా, ఆగండి.